తిన్నవా సారూ

ఎం.ఏ. ఆఖరి సెమిస్టర్‌లో ఒక రోజు మా డిపార్ట్‌మెంట్ వాళ్లు మమ్మల్నందరినీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టి, ఫోన్లతో, కంప్యూటర్లతో సాగిన చదువు మీద మా అభిప్రాయాలు చెప్పమన్నారు. అంతవరకు ఆ యూనివర్సిటీలో మా అభిప్రాయం అడిగినవాళ్లు లేరు. మెస్‌లో చారు నీళ్లలా ఉందంటేనే వినిపించుకునే దిక్కు ఉండేది కాదు. అందుకే చాలామంది ఉత్సాహంగా వచ్చారు. నేను మాత్రం అభిప్రాయం చెప్పడానికి పోలేదు. నాకొక క్లాసు కావాలి. కరోనా కాలంలో ఫోన్‌లో జరిగిన పాత క్లాసు. అందులో మా బాపు గొంతు ఉంది. దాన్ని తెచ్చి వినిపిస్తానని మా అమ్మకు మాటిచ్చాను.

మా బాపు ఎం.ఏ. అర్థశాస్త్రం క్లాసులోకి ఎట్లా వచ్చాడో ముందు చెప్పాలి.

మాది కోస్గి దగ్గర పల్లె. వాన పడితేనే పండే చెలక కొంత, గొర్ల మంద ఒకటి, మా ఆస్తి అదే. నాకు మహబూబ్‌నగర్‌లో పీజీ సీటు వచ్చిందని తెలిసిన రోజు బాపు నాకోసం కొత్త పెట్టె తెచ్చాడు. పెట్టె గోడకు ఆనించి అట్లాగే ఉండిపోయింది. హాస్టల్ తలుపులు తెరవలేదు, క్లాసులు ఫోన్‌లోనే మొదలయ్యాయి. నేను యూనివర్సిటీలో చేరానంటే మా ఇంటి నేల మీద చాప వేసుకుని, నీళ్ల చెంబుకు ఫోను ఆనించి కూర్చున్నానన్న మాట. క్లాసులో నేనంటే ఒక రంగు గుండ్రం, అందులో ఒక అక్షరం. మిగతా వాళ్లూ అంతే. ఎవరి ముఖం ఎట్లా ఉంటుందో ఎవరికీ తెలియదు.

ఆ పాఠం చెప్పే సారు కాంట్రాక్టు లెక్చరర్. నందికొండలో పుట్టి పెరిగానని, వాళ్ల నాన్న డ్యాం మీద కొలువు చేసేవాడని మొదటి రోజే చెప్పాడు. ఆయన మాట పుస్తకంలో అచ్చువేసినట్టు ఉండేది. మమ్మల్ని కూడా 'మీరు' అనేవాడు. మంచివాడే అనుకున్నాను కొన్నాళ్లు.

ఆ రోజు పాఠం క్షీణోపాంత ప్రయోజన సూత్రం. పేరు చూసి భయపడాల్సిన పని లేదు. ఆకలితో ఉన్నవాడికి మొదటి రొట్టె ఇచ్చినంత తృప్తి రెండోది ఇవ్వదు, రెండోది ఇచ్చినంత మూడోది ఇవ్వదు. అంతే సంగతి. తర్వాత ఒకసారి మా అమ్మకు చెప్తే, "గిది చెప్పనీకె గింత పెద్ద సదువు కావాల్నా?" అని నవ్వింది.

సారు క్లాసు మధ్యలో హాజరు పిలిచేవాడు. పేరు పిలిచినప్పుడు మైకు తెరిచి 'ప్రెజెంట్ సార్' అని మళ్లీ మూసుకోవాలి. నేను తెరిచాను, అన్నాను, మూయబోయాను. మూసే బటన్ ఎక్కడుందో సరిగ్గా అక్కడే నా ఫోను అద్దం పగిలి ఉంది. అది ఒక్కోసారి నొక్కితే పని చేసేది, ఒక్కోసారి చేసేది కాదు. ఆ రోజు చేయలేదు. నేను దానితో కుస్తీ పడుతుండగానే సారు పాఠంలోకి వెళ్లిపోయాడు.

అప్పుడే బాపు మంద దగ్గరి నుంచి వచ్చాడు. అంతకుముందే పుట్టిన గొర్రె పిల్ల ఆయన గొంగడిలో సన్నగా అరుస్తోంది. గడపలో నిలబడి చూశాడు. చాప మీద బిడ్డ, చెంబు దగ్గర ఫోను, ఫోన్‌లో సారు ముఖం. సరిగ్గా ఆ క్షణాన సారు, "ఇప్పుడు నాకు బాగా ఆకలిగా ఉందనుకోండి" అన్నాడు.

మా బాపుకు 'అనుకోండి' అనే మాట పట్టలేదు. ఆయన బతుకులో ఆకలిగా ఉందని ఎవరూ ఉత్తుత్తిగా అనుకోరు. ఇంటికి వచ్చిన సారు ఆకలిగా ఉందన్నాడు. ఫోన్‌లో వస్తేనేం, వచ్చినట్టే కదా. గొర్రె పిల్లను చంకలోకి జరుపుకుని ఫోను ముందు వంగాడు.

"అయ్యో, నమస్తే సారూ. గింత పొద్దెక్కినా బువ్వ తినకపోతివా? ఇంట్ల ఎవలు లేరా? జొన్నరొట్టె ఉన్నది, తొక్కు ఉన్నది, మా బిడ్డె పెడ్తది. జర తిన్నంకనె చెప్పరాదు, పాఠం యాడికి పోతది? తిన్నవా సారూ, తినలేదా?"

సారును 'నువ్వు' అన్నాడు. మా దగ్గర అది మర్యాద తక్కువై అనే మాట కాదు. దేవుణ్ణి, కన్నవాళ్లను, ఆఫీసరును అందరినీ మా పెద్దవాళ్లు అట్లాగే పిలుస్తారు. ఆ సంగతి వివరించడానికి నాకు వ్యవధి ఎక్కడిది? బటన్‌ను బలంగా అదిమాను. ఫోను మొత్తం ఆగిపోయింది. సారు ముఖం సగం తెరిచిన నోటితో అట్లాగే నిలిచిపోయింది.

"ఏమన్నడు బిడ్డా సారు?"

"తిన్నడంట బాపూ."

"గట్లయితె మంచిదే" అని బాపు గొర్రె పిల్లను తల్లి దగ్గర విడవడానికి దొడ్లోకి పోయాడు.

ఫోను మళ్లీ వెలిగేసరికి క్లాసు అయిపోయింది. మా క్లాసు గ్రూపు నిండా పగలబడి నవ్వే బొమ్మలు. ఎవరో అప్పటికే సారు ముఖం కింద 'బువ్వ తిన్నవా సారూ' అని రాసి బొమ్మ తయారుచేశారు. సాయంత్రానికి నా పేరు 'బువ్వ' అయింది. ఎవరికి ఏం సందేహం వచ్చినా ముందు ఆ బొమ్మ పెట్టి, తర్వాత సందేహం అడిగేవాళ్లు. వాళ్లు కూడా మా వంటి ఇళ్లలోనే పుట్టినవాళ్లు, వాళ్ల బాపులూ అట్లాగే అడిగేవాళ్లు. అదే నాకు ఎక్కువ మండింది. సిగ్గు పడలేదు నేను, కోపం వచ్చింది. సారు మీద ఇంకా ఎక్కువ వచ్చింది. తర్వాతి క్లాసులో ఆయన, "దయచేసి అందరూ మైకులు మూసుకోండి" అన్నాడు. ఆ అందరూ అంటే నేనే అని అర్థం చేసుకున్నాను. వీళ్లందరితో పాటు ఆయనా కడుపుబ్బ నవ్వే ఉంటాడని తీర్మానించుకున్నాను. నా ఫోను ఆగాక క్లాసులో ఏం జరిగిందో ఎవరినీ అడగలేదు. ఆ తర్వాత ఫోన్‌లో క్లాసులు జరిగినన్నాళ్లూ నేను నోరు తెరవలేదు. హాజరు కూడా టైపు చేసేదాన్ని.

ఈ గొడవేమీ తెలియని బాపు మాత్రం ఊరంతా చెప్పుకున్నాడు. యూనివర్సిటీ సారు తనతో మాట్లాడాడట, ఆకలి సంగతి దాచుకోకుండా చెప్పుకున్నాడట, పాపం ఇల్లు విడిచి ఎక్కడో ఒంటరిగా ఉంటున్నాడట. మధ్యాహ్నం మంద దగ్గరి నుంచి వచ్చినప్పుడల్లా నన్ను అడిగేవాడు.

"ఇయ్యాల తిన్నడా సారు?"

"తిన్నడు బాపూ."

కరోనా రెండోసారి ఊర్ల మీద పడ్డప్పుడు బాపుకు వచ్చింది. మహబూబ్‌నగర్ దవాఖానకు తీసుకుపోయాం. నన్నూ అమ్మనూ బయటే ఉండమన్నారు. లోపల మూతికి గొట్టం పెట్టారు కాబట్టి ఆయన ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకుండానే పోయాడు. నేను యూనివర్సిటీ ఉన్న ఊరికి మొదటిసారి పోయింది చదువుకోవడానికి కాదు.

తర్వాత హాస్టల్ తెరిచారు. బాపు కొన్న పెట్టె తీసుకుని పోయాను. గుండ్రాల వెనక ఉన్న ముఖాలన్నీ చూశాను. నన్ను 'బువ్వ' అని పిలిచిన వాళ్లు ఎదురుగా వచ్చి, బాపు సంగతి తెలిసి, ఏం మాట్లాడాలో తెలియక పక్కకు తప్పుకున్నారు. నా రూమ్మేట్, కొల్లాపూర్ వైపు అమ్మాయి, ఒక్కతే వచ్చి, "నేను గూడ నవ్వే బొమ్మ పెట్టిన. మాఫ్ చెయ్యి" అంది. చేశాను. ఆమెతో ఒక గదిలో ఉండాలి కదా.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు అమ్మ బాపు గొంతు సంగతి అడిగింది. గొర్లు అమ్మేశాం, దొడ్డి బోసిగా ఉంది. అమ్మ రొట్టెలు చేస్తూ చేస్తూ ఆగిపోయింది.

"మీ బాపు మొకం కండ్లముందట్నే ఉంటది బిడ్డా. గొంతే జారిపోతాంది. నన్ను ఎట్ల పిలుస్తుండెనో యాదికి తెచ్చుకుంట, వస్తలేదు. నీ ఫోన్ల మీ బాపు మాట ఏడనన్న లేదా?"

లేదు. బాపుది బటన్ల ఫోను, దాంట్లో ఏదీ దాచుకోలేం. నా ఫోన్‌లో ఒక వీడియో ఉండేది, బాపు ఈల వేసి గొర్లను పిలిచేది. మొదటి సెమిస్టర్ పరీక్షల ముందు నోట్సు దించుకోబోతే ఫోను జాగా లేదంది. ఏది తీసేయాలో అదే చూపించింది. సిలబస్ కావాలా వీడియో కావాలా అంటే సిలబస్ కావాలన్నాను. అది నా తప్పని నేను ఎప్పటికీ ఒప్పుకోను. బాపు అప్పుడు బతికే ఉన్నాడు, దొడ్లో ఈల వేస్తూనే ఉన్నాడు. బతికి ఉన్న మనిషిని ఫోన్‌లో దాచుకోవాలని ఎవరికి తోస్తుంది?

"లేదమ్మా" అన్నాను.

"గదేంది? గా సారుతోటి మాట్లాడిండు గద. క్లాసులన్ని జమ చేసి పెడ్తరని నువ్వే చెప్తివి. గండ్ల ఉండదా?"

నాకు తట్టనిది ఆమెకు తట్టింది. మా క్లాసులన్నీ డిపార్ట్‌మెంట్ వాళ్లు రికార్డు చేసేవారు. ఆ క్లాసులో మా బాపు ఉన్నాడు. నేను అమ్మ చేతులు పట్టుకుని, "ఉంటదమ్మా, తెస్త" అన్నాను.

ఆ రోజు సెమినార్ హాల్లో మా డిపార్ట్‌మెంట్ హెడ్ మేడం మాట్లాడమనగానే మొదట ఎవరూ లేవలేదు. తర్వాత పెట్రోల్ బంకులో పని చేసుకుంటూ చదివే ఒకతను లేచాడు.

"రికార్డు క్లాసులే మంచిగున్నయి మేడం. బస్సుల వినుకుంట వస్త. సారును జోరుగ ఉరికిచ్చి వింట, తెల్వని కాడ ఆపి మల్ల వింట. క్లాసుల గట్ల ఆపుమంటె ఆగుతరా?"

అందరూ నవ్వారు. నా రూమ్మేట్ లేచింది. "ఫోన్ చేతుల ఉంటె సదువుతాందనుకుంటుండె మేడం మా అమ్మ. గింత పని గూడ చెప్పకపోతుండె. నాకైతె గదొక్కటే లాభం."

తెలుగు మీడియం నుంచి వచ్చిన ఇంకొకతను, ఇంగ్లీషు పుస్తకాన్ని ఫోను తెలుగులోకి మారుస్తుందని, ఆ తెలుగు అర్థం కావడానికి మళ్లీ ఇంగ్లీషే చూడాల్సి వస్తోందని చెప్పాడు. మూల కూర్చున్న ఒక అమ్మాయి లేవకుండానే, "అన్ని ఉన్నయి మేడం ఫోన్ల. సమజ్ కాకుంటె మొకం జూసి చెప్పెటోళ్లే లేరు" అంది. దానికి ఎవరూ నవ్వలేదు. ఎవరి మాటా అబద్ధం కాదు. ఆ ఫోనే లేకపోతే మాలో సగం మంది చదువు ఆ ఏడాదే ఆగిపోయేది. ఆ సంగతి నాకూ తెలుసు.

అప్పుడు మేడం అసలు సంగతి చెప్పింది. డిపార్ట్‌మెంట్ ఖాతాలో జాగా నిండిపోయింది. పాత క్లాసులు ఉంచాలా, తీసేయాలా? మీ అభిప్రాయం చెప్పండి అంది.

"తీసెయ్యుండ్రి మేడం, ఎవలు చూస్తరు?" అన్నారు వెనక నుంచి. "సిలబస్ గూడ మారింది" అన్నారు ఇంకెవరో. చేతులు ఎత్తమంటే హాలు నిండా చేతులు లేచాయి. మా బాపును ఉంచాలా తీసేయాలా అని వీళ్లను అడుగుతున్నారు, వీళ్లు చేతులు ఎత్తుతున్నారు.

లేచి నిలబడ్డాను. "వద్దు మేడం" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఒక క్లాసు కావాలి నాకు. గండ్ల మా బాపు మాట్లాడిండు. గా మాట తప్ప ఆయన గొంతు మాకు ఏడ లేదు."

ఏ క్లాసో అందరికీ తెలుసు. ఎత్తిన చేతులు ఒకటొకటిగా దిగిపోయాయి. మేడం వెంటనే వెనక్కి తిరిగి కంప్యూటర్ ల్యాబ్ చూసే ఆపరేటర్‌ను అడిగింది. ఆయన హుషారుగా లేచి, "ఉన్నయి మేడం. అన్ని సాఫ్ చేసి పెట్టిన" అన్నాడు.

సాఫ్ చేసి పెట్టాను అంటే, సర్ది జాగ్రత్త చేశాడని అనుకున్నాను. మా ఇంట్లో బియ్యం సాఫ్ చేస్తాం, దొడ్డి సాఫ్ చేస్తాం. మంచి మాటే అది. నా ప్రాణం లేచి వచ్చింది. రూమ్మేట్ చేయి పట్టుకుని ల్యాబుకు దాదాపు పరుగెత్తాను.

ఆపరేటర్ నాకు కుర్చీ చూపించి, చెవులకు పెట్టుకునేది ఇచ్చి, క్లాసు వెతికి పెట్టాడు. సారు గొంతు వచ్చింది. హాజరు పిలుస్తున్నాడు. ఒక పేరు, కొంచెం ఖాళీ. ఇంకొక పేరు, కొంచెం ఖాళీ. 'ప్రెజెంట్ సార్' అనే మాట ఎక్కడా లేదు. ఎవరూ లేని గదిలో ఆయన ఒక్కడే పేర్లు చదువుతున్నట్టు ఉంది. నా పేరు కూడా చదివాడు, నేను పలకలేదు.

"ఇప్పుడు నాకు బాగా ఆకలిగా ఉందనుకోండి" అన్నాడు సారు.

తర్వాత ఏమీ లేదు. గొర్రె పిల్ల లేదు, నమస్తే లేదు, జొన్నరొట్టె లేదు. చెవిలో దూది కుక్కినట్టు ఉత్త ఖాళీ.

ఆపరేటర్ నా ముఖం చూసి సంజాయిషీ మొదలుపెట్టాడు. బయటి నుంచి తనిఖీకి వస్తామన్నారట. క్లాసుల నిండా కుక్కలు, కుక్కర్ల కూతలు, చంటిపిల్లల ఏడుపులు ఉంటే బాగుండదని, పాఠం చెప్పే మనిషి గొంతు ఒక్కటి ఉంచి మిగతాదంతా తీసేసే సాఫ్ట్‌వేర్ పెట్టారట. "అసలువి ఉంచనీకె జాగ లేకుండె చెల్లే. సాఫ్ చేసినంక తీసేసినం. అందరు మంచిగుందన్నరు" అన్నాడు. చెప్తూ చెప్తూ ఆయన గొంతూ తగ్గిపోయింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే నాకు ఏదీ దొరకలేదు. చెప్పిన పని చెప్పినట్టు చేశాడు. పాలమూరు జిల్లాలో మేం ఎన్ని ఇళ్లలో కూర్చుని చదివామో అన్ని ఇళ్లూ ఆ క్లాసుల్లో ఉండేవి. వాటన్నిటినీ చెత్తగా ఊడ్చారు. మా బాపు కుక్కర్ కూతల్లో కలిసి పోయాడు.

లేవబోతుంటే చెవిలో మళ్లీ సారు గొంతు.

"నమస్కారమండీ. లేదండీ, ఇంకా తినలేదు. క్లాసు అయ్యాక తింటాను. మీరు తిన్నారా?"

ఖాళీ.

"అయ్యా, వినబడుతోందా? మీరు తిన్నారా?"

మళ్లీ ఖాళీ.

"లైను పోయినట్టుంది. ఎవరూ నవ్వాల్సిన పని లేదు. పెద్దాయన భోజనం చేశావా అని అడిగారు, అంతే కదా. సరే, మొదటి రొట్టె దగ్గర ఉన్నాం."

నేను అక్కడే ఏడ్చాను. ల్యాబులో ఎంతమంది ఉన్నారో చూడలేదు. అడిగిన మాట పోయింది, జవాబు మిగిలింది. ఏడాదిగా నేను ఎవరి మీద పళ్లు కొరుకుతున్నానో ఆ మనిషి మా బాపుకు జవాబు చెప్పి, తిరిగి అడిగి, మళ్లీ అడిగాడు. అది మాకు చేరలేదు. ఆ సారు ఇప్పుడు ఎక్కడున్నాడని అడిగాను. కాంట్రాక్టు పొడిగించలేదట, ఎటో వెళ్లిపోయాడట. నా దగ్గరున్న ఆయన నంబరు పని చేయలేదు. తినలేదన్న మనిషిని రోజూ తిన్నడు తిన్నడు అని బాపుకు చెప్తూ వచ్చాను.

ఆ ముక్కను ఫోన్‌లో వేసుకుని ఇంటికి పోయాను. దారి పొడుగునా అమ్మకు ఏం చెప్పాలో ఆలోచించాను. ఆమె నన్ను చూడగానే చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, గోడకు ఆనుకుని కూర్చుంది. ఫోను ఆమె చెవి దగ్గర పెట్టాను. సారు ఆకలిగా ఉందన్నాడు. అమ్మ కళ్లు మూసుకుంది.

"సప్పుడు పెంచు బిడ్డా."

"గంతే ఉన్నదమ్మా. బాపు మాట తీసేసిండ్రు. క్లాసుకు అడ్డమొస్తదని సాఫ్ చేసిండ్రంట."

సారు మీరు తిన్నారా అని అడిగాడు. "తిన్నడు సారూ" అంది అమ్మ మెల్లగా, ఫోనుకు జవాబు చెప్తూ. సారు ఇంకోసారి అడిగాడు. మొదటి రొట్టె దగ్గరికి వచ్చాక నేను ఆపబోయాను. ఆమె నా చేయి పట్టుకుంది.

"గీ ముక్కల రెండు మూడు తావుల సప్పుడు లేదు. మీ బాపు మాట్లాడింది ఏ తావుల?"

నాకు తెలుసు. కానీ వింటే దేనికీ తేడా తెలియదు. ఒక ఖాళీలో బాపు ఉన్నాడు, మిగతా వాటిలో నిజంగానే ఎవరూ లేరు. "మొదటిదమ్మా" అన్నాను. "నమస్తే అన్నడు. ఇంట్ల ఎవలు లేరా అన్నడు. జొన్నరొట్టె ఉన్నది, తొక్కు ఉన్నది అన్నడు." నాకు యాదికున్న మాటలన్నీ చెప్పాను. గొంతు మాత్రం ఎక్కడి నుంచి తేను?

అమ్మ తల ఊపింది. ఫోను మళ్లీ చెవికి ఆనించుకుంది.

"సారు మాట వద్దు బిడ్డా. గా సప్పుడు లేని జాగ పెట్టు."

పెట్టాను. ఇప్పటికీ నేను ఇంటికి పోయినప్పుడల్లా అదే పెట్టమంటుంది.